సింగపూర్‌కు నెలకు 6,000

మహబూబ్‌నగర్,
సంక్రాంతి మరునాడు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నల్లగొండలో నన్ను బస్సు ఎక్కిస్తూ ఒక మాట అడిగావు. "పెద్దమ్మా, మీరు సింగపూర్ ఎలా వెళ్లగలిగారు? పెదనాన్న అప్పు తెచ్చారా?" అని. బస్సు కదిలేలోపు చెప్పగలిగే జవాబు కాదది. మీ చిన్నవాడు బీరువా తలుపుకు అతికించిన బొమ్మ, ఆ నోట్లోంచి నీళ్లు చిమ్మే సింగపూర్ సింహం, దారి పొడవునా నా కళ్లలో మెదులుతూనే ఉంది. అందుకే పండుగ పని తెమలగానే కూర్చుని రాస్తున్నాను.

అప్పు తేలేదమ్మా. ఒక్క రూపాయి కూడా తేలేదు. ఐదేళ్లు దాచి వెళ్లాం. ఆ దాచే పద్ధతి నాకు నేర్పింది పోస్టాఫీసులో నా కౌంటర్ ముందు నిలబడిన ఒక కూలి మనిషి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మనియార్డర్ల పని చూసేదాన్ని. మన పాలమూరు పల్లెల నుంచి మగవాళ్లు బొంబాయికీ, పుణెకూ, ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికీ వలస వెళ్లి డబ్బు పంపేవారు. పోస్ట్‌మన్ వచ్చేదాకా ఆగలేని ఆడవాళ్లు ఆఫీసుకే నడిచి వచ్చేవారు. ఫారంలో చివర ఉండే చిన్న జాగాలో భర్త రాయించిన రెండు ముక్కలు నేనే చదివి వినిపించేదాన్ని. వాళ్లలో దేవరకద్ర వైపు నుంచి వచ్చే ఒకామె డబ్బు లెక్కపెట్టుకుని, కౌంటర్ వదలకముందే అందులోంచి ఇరవై రూపాయలు తిరిగి నా చేతిలో పెట్టేది, ఆర్‌డీలో, అంటే నెలనెలా ఇంత అని కట్టే పొదుపు ఖాతాలో, వేయమని. ఇంటి గడప దాటితే ఆ ఇరవై మిగలదని ఆమెకు తెలుసు. దేనికని అడిగితే, అందరూ కలిసి ఒక్కసారి తిరుపతి వెళ్లి రావాలని చెప్పింది. మూడో పూట అన్నం ఖాయంగా దొరకని ఇల్లు అది. అయినా వెళ్లొచ్చారు. ప్రసాదం తెచ్చి నాకు ఇచ్చింది.

ఖర్చులన్నీ పోను మిగిలింది దాచుకుంటానని నువ్వు అన్నావు చూడు, అక్కడే నాకు దిగులు పట్టుకుంది. మిగలదు తల్లీ. ఇరవై ఎనిమిదేళ్లు జనం డబ్బు లెక్కపెట్టిన చేతులతో రాస్తున్నాను, ఏ ఇంట్లోనూ అలా మిగలడం నేను చూడలేదు. ముందు తీసి పక్కన పెట్టాలి, ఆ తర్వాత ఉన్నదాంతో ఇల్లు గడపాలి.

మా మొదటి ప్రయత్నం చెడిపోయింది, అది కూడా నీకు తెలియాలి. త్వరగా పెద్ద మొత్తం చేతికి వస్తుందని మా వీధిలో నడిచే చిట్టీలో చేరాం. కాగితం లేదు, రిజిస్ట్రేషన్ లేదు, తెలిసిన మనిషి అన్న నమ్మకమే. పద్నాలుగో నెలలో ఆ మనిషి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు. పోస్టాఫీసులో పని చేస్తూ నేను ఆ పని చేశాననే బాధ నాకు ఇప్పటికీ పోలేదు. చిట్టీలన్నీ మోసమని చెప్పను. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టరైన కంపెనీలు ఉన్నాయి, వాటి కమిషన్‌కు కూడా 7 శాతం మించకూడదనే హద్దు ఉంది. కానీ పాటలో తొందరపడి ఎత్తుకునే వాళ్లే నష్టపోతారు. నీకు డబ్బు కావలసింది ఐదేళ్ల తర్వాత కాబట్టి ఆ పాటతో నీకు పని లేదు.

2009 జూన్‌లో నెలకు 3,000తో పోస్టాఫీసు ఆర్‌డీ తెరిచాను. అప్పటి వడ్డీ ఏడున్నర శాతం. నెలకు పది రూపాయలు కడితే ఐదేళ్లకు 728 రూపాయల 90 పైసలు. ఆ లెక్క నిద్రలో అడిగినా చెప్పేదాన్ని. మా 1,80,000కు 2,18,670 చేతికి వచ్చింది. సరిగ్గా తెలంగాణ వచ్చిన నెల అది. దసరా బోనస్ ఏటా ముట్టుకోకుండా ఉంచిన పొదుపు ఖాతా దానికి తోడైంది. 2015 సంక్రాంతి సెలవుల్లో మా నలుగురితో పాటు అత్తగారిని కూడా తీసుకెళ్లాం.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. మీ పెద్దది ఐదో తరగతిలో ఉంది. ఈ నెలలో ఖాతా తెరిస్తే, అది పదో తరగతి చదివే జనవరికి డబ్బు చేతికి వస్తుంది. పరీక్షలు అయ్యాక ఎండాకాలం ప్రయాణానికి టికెట్లు కొనాలంటే మూడు నాలుగు నెలల ముందే కొనాలి కాబట్టి సమయం చక్కగా సరిపోతుంది. దసరా సెలవుల్లో వెళ్దామని అల్లుడు అన్నాడు గానీ, సద్దుల బతుకమ్మ నాడు నువ్వు ఊరు కాని ఊళ్లో ఉండలేవు. నాకు తెలుసు.

పోస్టాఫీసు ఆర్‌డీ వడ్డీ ఇప్పుడు 6.7 శాతం. నెలకు 6,000 కడితే, నువ్వు వేసేది 3,60,000, వచ్చేది సుమారు 4,28,000. అదే నాలుగు లక్షలు వ్యక్తిగత రుణం తీసుకున్నావనుకో. 14 శాతం వడ్డీకి మూడేళ్లలో తీర్చాలంటే నెలకు 13,670 కట్టాలి, వడ్డీగానే 92,000 పోతుంది. తిరిగొచ్చిన ఫోటోలు చూసుకునే మూడేళ్లూ ఆ వాయిదా గుర్తుకొస్తూ ఉంటుంది. పిల్లలకు ఇచ్చే సంతోషం అలా ఉండకూడదు.

ఖాతా ఒకటి కాదు, రెండు తెరవండి. నీ పేరిట 3,000, అల్లుడి పేరిట 3,000. ఏదైనా ముంచుకొస్తే ఒకదాన్ని కదిలించినా రెండోది నిలుస్తుంది. కదిలించడమన్నా మూసేయడం కాదు. పన్నెండు వాయిదాలు కట్టాక, ఉన్న మొత్తంలో సగం దాకా అప్పు ఇస్తారు. ఆర్‌డీ వడ్డీ కంటే రెండు శాతం మాత్రమే ఎక్కువ తీసుకుంటారు. మూడేళ్ల తర్వాత మధ్యలో మూసేయవచ్చు గానీ అప్పుడు పొదుపు ఖాతా వడ్డీయే దక్కుతుంది.

నీ మగ్గం పని ఆదాయం నెలనెలా ఒకేలా ఉండదని నువ్వు భయపడుతున్నావు. దానికి ఉపాయం ఆ ఆర్‌డీలోనే ఉంది, చాలామందికి తెలియదు. వాయిదాలు ముందే కట్టేయవచ్చు. ఆరు నెలలవి ఒకేసారి కడితే నెల వాయిదాలో ప్రతి వందకు పది రూపాయలు, పన్నెండు నెలలవి కడితే నెల వాయిదాలో ప్రతి వందకు నలభై రూపాయలు తగ్గిస్తారు. నీ 3,000 ఖాతాకు ఏడాదిది ఒకేసారి కడితే 1,200 తగ్గుతుందన్న మాట. మాఘంలో, వైశాఖంలో, శ్రావణంలో పెళ్లి బ్లౌజులతో నీ గల్లా పెట్టె నిండినప్పుడు ఆరు నెలలవి కట్టేయి. ఆషాఢంలో, మూఢంలో కుట్టుపని తగ్గినా నీకు దిగులు ఉండదు. అల్లుడికి జీతం ఐదో తేదీకి వస్తుంది కాబట్టి అతని ఖాతా పదిహేనో తేదీలోపే తెరవాలి. అప్పుడు ప్రతి నెలా పదిహేనులోపు కట్టే గడువు వస్తుంది. పదహారు నుంచి తెరిస్తే గడువు నెలాఖరుకు పోతుంది, నెలాఖరులో జీతగాడి చేతిలో ఏముంటుంది?

చుట్టాల సంగతి కూడా చెప్పాలి. ఆ డబ్బుతో బంగారం కొనుక్కోవచ్చు కదా అని మా ఆడబిడ్డలు ఐదేళ్లూ అన్నారు. పెళ్లిళ్లకూ ఒడిబియ్యాలకూ పెట్టుపోతలు తగ్గించానని నొచ్చుకున్నారు కూడా. నేను మానలేదు, తగ్గించాను. చీర పెట్టేచోట చీరే పెట్టాను, పట్టుచీర పెట్టలేదు. దేనికోసం దాస్తున్నామో పిల్లలకు మాత్రం దాచకుండా చెప్పాం. వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో వాయిదా కట్టిన రోజు చుట్టూ సున్నా చుట్టడం మా అబ్బాయి పని. హోటల్‌కు వెళ్దామని ఆ తర్వాత వాడు పట్టుబట్టిన గుర్తు లేదు.

పాస్‌పోర్టులు ఇప్పుడే తీయవద్దు. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకో, పద్దెనిమిది నిండేసరికో గడువు తీరుతుంది, ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. కాబట్టి చివరి ఏడాదిలో తీసుకోండి. పెద్దలకు 1,500, పిల్లలకు 1,000. నల్లగొండ పోస్టాఫీసులోనే కేంద్రం ఉంది. కానీ పేర్ల పని ఇవాళే మొదలుపెట్టు. మీ అత్తగారి పేరు ఆధార్‌లో ఒకలా, ఓటరు కార్డులో ఒకలా ఉందని నువ్వే చెప్పావు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడి అక్షరంగా కాకుండా పూర్తిగా రాయాలి. మా అత్తగారి కాగితాలు సరిచేయడానికి నాకు ఏడు నెలలు పట్టింది.

సింగపూర్ వీసాను వాళ్లు అనుమతించిన ఏజెంట్ల ద్వారానే పెట్టాలి. చేరడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపే రాక కార్డుకు (ఎస్‌జీ అరైవల్ కార్డు) రుసుము లేదు. డబ్బులు అడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. టూర్ కంపెనీ ద్వారా వెళ్తే టీసీఎస్ అని కొంత పన్ను ముందే వసూలు చేస్తారు. అది మీ పాన్ మీద జమవుతుంది కాబట్టి అల్లుడు రిటర్ను వేసి సర్దుకోవచ్చు, వదిలేయకండి. కార్డు గీకేటప్పుడు విదేశీ మారకం కింద మూడు మూడున్నర శాతం అదనంగా పడే కార్డులు ఉన్నాయి, ముందే బ్యాంకులో కనుక్కోండి.

అక్కడ డబ్బు తినేది గదులూ, టికెట్ పెట్టిన వినోదాలూ. ఐదుగురికి రెండు గదులు తప్పవు. లిటిల్ ఇండియాలో దిగితే శాకాహారం పక్కనే దొరుకుతుంది, సెరంగూన్ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. మా అత్తగారు రోజూ ఉదయం అక్కడే కూర్చునేవారు. కుళాయి నీళ్లే తాగవచ్చు, సీసాలు కొనవద్దు. గార్డెన్స్ బై ద బేలో బయటి తోటలకు టికెట్ లేదు, సాయంత్రం ఆ ఇనుప చెట్ల దీపాల ఆట కూడా ఉచితమే. మా అత్తగారు గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆ దీపాలు చూశారు. డెబ్బై ఏళ్ల మనిషి, పెళ్లయ్యాక ఆరుబయట అలా పడుకోవడం అదే మొదటిసారి అని నాతో అన్నారు. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ 2,18,670లో ఏ రూపాయి మీదా నాకు విచారం లేదు.

మీ అత్తగారు రానంటారు, ఖర్చు అంటారు, మోకాళ్లు అంటారు. వదలకు. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొన్నప్పుడే చెబితే ఏర్పాటు చేస్తారు. ఆమె పేరిట ప్రయాణ బీమా మాత్రం తప్పక తీసుకోండి.

పదిహేనో తేదీ దాటిపోతుంది కాబట్టి ఈ నెల నీ ఖాతా ఒక్కటే తెరుద్దాం, అల్లుడిది ఫిబ్రవరి ఆరున. వచ్చే సోమవారం ఉదయం బస్సుకు నేనే వస్తాను. నీ ఆధార్, పాన్ జిరాక్సులు, రెండు ఫోటోలు సిద్ధంగా ఉంచు. మొదటి 3,000 ఆదివారం రాత్రే గల్లాలోంచి తీసి పక్కన పెట్టు. చిన్నవాణ్ని కూడా పోస్టాఫీసుకు తీసుకురా, పాస్‌బుక్ వాడి చేతికే ఇప్పిద్దాం.

నీ పెద్దమ్మ