ఫ్యాక్టరీలు సొంతంగా కరెంటు తయారు చేసుకుంటే గ్రిడ్‌కి లాభమా నష్టమా?

రెండూ ఉన్నాయి. ఫ్యాక్టరీ తన లోడ్ తనే మోసుకుంటే ఆ మేరకు గ్రిడ్ మీద భారం తగ్గుతుంది, లైన్లలో లాసెస్ కూడా తగ్గుతాయి. షుగర్, పేపర్ మిల్లుల్లాంటి వాటికైతే ఎలాగూ ఆవిరి కావాలి కాబట్టి అదే ఆవిరితో ముందు టర్బైన్ తిప్పి కరెంటు తీసి, తర్వాత ప్రాసెస్‌కి వాడుకుంటారు, దాంతో ఇంధనంలో 70-80% దాకా పనికొస్తుంది, మామూలు బొగ్గు ప్లాంట్‌లో 35-40 దాటడమే కష్టం.

అసలు తలనొప్పి బ్యాకప్ దగ్గర. 20 మెగావాట్ల సొంత జనరేటర్ ఉన్నట్టుండి ట్రిప్ అయిందనుకోండి, లోపల మోటార్లు ఆగవు కదా, ఆ 20 మెగావాట్లూ క్షణంలో గ్రిడ్ మీద పడతాయి. పెద్ద గ్రిడ్‌కి ఇది లెక్కలోకి రాదు, చిన్నదైతే మాత్రం ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకి ఎన్ని సైకిల్స్ తిరుగుతుందో అది) ఉండాల్సిన 50 హెర్ట్జ్ నుంచి కిందకి జారిపోతుంది. అంటే ఎప్పుడో ఒకసారి వాడేదానికోసం గ్రిడ్ వాళ్లు కెపాసిటీ రెడీగా పెట్టుకోవాలి, స్టాండ్‌బై ఛార్జీలు వేసేది అందుకే.

ఇంకోటి డబ్బు గొడవ. ఎక్కువ బిల్లు కట్టే కస్టమర్లే వెళ్లిపోతే లైన్లు, సబ్‌స్టేషన్ల ఖర్చు మిగిలినవాళ్ల మీద పడుతుంది, నాకైతే టెక్నికల్ సమస్యల కన్నా ఇదే పెద్దది అనిపిస్తుంది.