ఆరంకెల సంఖ్య చూసి ఆగిపోయిన మనవరాలికి

బిడ్డా,

మొన్న ఫోన్లో ఏడుపు గొంతుతో చెప్పావు కదా, పరీక్షలో ఆరంకెల సంఖ్య ఇచ్చి కారణాంకాలు రాయమంటే చేయి ఆడలేదని, నువ్వు పాలమూరు నుంచి సెలవులకు వచ్చేదాకా ఆగలేక రాస్తున్నా. నువ్వు భాగహారం రాక ఆగిపోలేదు. ఎక్కడిదాకా పోవాలో తెలియక టెన్షన్ పడ్డావు, అంతే.

మన నల్లగొండ పిన్‌కోడే తీసుకో, 508001. చివర 1 ఉంది, 2తో, 5తో పోదు. అంకెలు కూడితే 14, 3తో కూడా పోదు. ఇంతవరకు నీకూ తెలుసు. పిల్లలు చతికిలపడేది 7, 11, 13 దగ్గర. ఈ మూడింటినీ గుణిస్తే 1001 వస్తుంది, అందుకే ఒక సులువుంది: కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి తీసివెయ్. 508లోంచి 001 పోతే 507. ఇది 7తో పోదు, 11తో పోదు, 13తో మాత్రం నిండుగా 39 సార్లు పోతుంది. అంటే అసలు సంఖ్య కూడా 13తో పోతుంది, భాగిస్తే 39077. మళ్లీ అదే చెయ్, 77లోంచి 39 తీస్తే 38, మూడింట్లో దేనితోనూ పోదు. 17, 19 కూడా కుదరలేదు. 23తో భాగిస్తే 1699.

ఇక్కడ కాస్త ఆగు. నేను కొత్తగా సారునైన రోజుల్లో ఇలాంటి సంఖ్యనే పట్టుకుని సగందాకా, అంటే ఎనిమిది వందల పైదాకా భాగించుకుంటూ పోయి ఆదివారం మొత్తం పాడుచేసుకున్నా, మీ నానమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. 41 వర్గం 1681, 42 వర్గం 1764. 1699 రెండు ముక్కలయ్యేదైతే అందులో ఒకటైనా 41 లోపే ఉండాలి, రెండూ దాటితే లబ్ధం 1764కి తగ్గదు మరి. 19 దాకా ముందే చూసేశాం. మిగిలినవి 23, 29, 31, 37, 41. ఐదే భాగహారాలు! దేనితోనూ పోదు, కాబట్టి 1699 ప్రధాన సంఖ్య.

అంటే 508001 = 13 × 23 × 1699. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలెయ్యొచ్చు, అందుకే కారణాంకాలు 2 × 2 × 2, ఎనిమిది. వాటి మొత్తం కావాలంటే ఒక్కోదానికి 1 కలిపి గుణించు: 14 × 24 × 1700, 571200. ఏదైనా రెండుసార్లు వస్తే ఈ లెక్క మారుతుంది, అది ఇంటికొచ్చాక చెప్తా.

పెద్దపెద్దవాళ్లే బోల్తాపడ్డారులే. 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనే గణితవేత్త అనుకున్నాడు, 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త అది 641తో పోతుందని చూపించాడు. 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు తప్ప వేరేవి దాన్ని భాగించలేవు, అలాంటివి 641 కంటే ముందు నాలుగే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినవాడికి అయిదో ప్రయత్నంలోనే దొరుకుతుంది.

మీ పాలమూరు పిన్‌కోడ్ 509001. అంకెల మొత్తం 15, 3తో పోతుంది, 169667 మిగులుతుంది. ఆ పైది నువ్వే చెయ్, ఒక సెలవు రోజున, ఫోన్ పక్కన పెట్టి. 411 దాటి ఒక్క భాగహారం చేసినా ఊరుకోను.

మీ తాత