గోదావరి పాత టోపోషీటు చూసే ముందు

చిరంజీవి అల్లుడికి,

గోదావరి మీది ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద పోయిన మీ తాత ఊరిని పాత మ్యాపుల్లో వెతుకుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. నేను ఉద్యోగమంతా ఆ కాగితాల మీదే గడిపినవాణ్ణి కదా, నాలుగు మాటలు రాస్తున్నా.

నీకు కావాల్సింది టోపోషీటు, అంటే ఊళ్లు, వాగులు, గుట్టలు కొలిచి గీసిన సర్వే మ్యాపు. దాని నంబరు 56 ఎన్/5. ఎల్లంపల్లి, మంచిర్యాల రెండూ అందులోకే వస్తాయి. చేతికి రాగానే ఊరి కోసం వెతకకు. ముందు అంచున చిన్న అక్షరాల్లో ఉన్న సర్వే సంవత్సరం చదువు. అచ్చు వేసిన సంవత్సరం వేరు. నేను కొత్తలో అచ్చు సంవత్సరాన్నే నమ్మి, ఒక చెరువు కట్ట వయసు తప్పు రాశాను. ఆ చెరువు శిఖం భూముల (చెరువు నిండితే మునిగే భూముల) రైతులు చెబితే గానీ తెలియలేదు.

రైలు గీత విషయంలో ఇంకా జాగ్రత్త. కాజీపేట–బల్లార్షా లైను 1929లో పూర్తయింది. కానీ పాత సర్వే షీటును మళ్లీ అచ్చు వేసేటప్పుడు కొత్త లైను మాత్రమే చేర్చి, ఊళ్లను అలాగే వదిలేసిన సందర్భాలున్నాయి. పట్టాలు కనిపించాయి కదా అని ఇళ్లు కూడా ఆనాటివే అనుకోవద్దు.

కొలతలోనూ పొరపాటు జరుగుతుంది. పాత షీట్లలో అంగుళం అంటే మైలు. తర్వాత వచ్చిన వాటిలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. రెండూ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. పాత షీటును ఫోన్‌లోని మ్యాపు మీద పరిచినా సరిగ్గా కూర్చోదు. ఆ షీట్లు భూమి ఆకారానికి కట్టిన ఎవరెస్ట్ అనే పాత లెక్క మీద గీసినవి, జీపీఎస్ లెక్క వేరు. అలాంటప్పుడు చెరువు అంచును ఆధారం చేసుకోకు, అది ఏటా మారుతుంది. గోదావరి మీది రైలు వంతెన, గుట్ట మీది త్రికోణం గుర్తు (సర్వే వాళ్లు కొలతకు పెట్టుకున్న స్థానం), ఇలా కదలని వాటితో కలుపు.

గోదావరిలో నీలం పట్టీ సన్నగా ఉంటే బెంగపడకు. అది ఎండాకాలపు పాయ. చుట్టూ చుక్కలున్నదంతా ఇసుక. ఊరి పక్కన ఒర్రె (చిన్న వాగు), చెరువు కట్ట, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) దొరికితే ఊరు దొరికినట్టే. ఇంగ్లీషులో రాసిన పేరును మాత్రం పైకి చదివి చూడు, అక్షరాలు మన పలుకుకు దూరంగా ఉంటాయి.

షీటు పట్టుకుని మీ తాత ఈడు వాళ్ల దగ్గర కూర్చో. దేవుడి గుడి ఎక్కడ, బావి ఎక్కడ అని వేలితో చూపించమను. అప్పుడే పెన్సిల్‌తో రాసుకో. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు ఫోన్ చెయ్యి, ఒడ్డుకు నేనూ వస్తా.

ఆశీస్సులతో,
మీ మామ, కాజీపేట