టెక్ సందేహాలు: ఐదు డ్యామేజ్‌లు పెట్టినా హీరోకి ఊపిరాడటం లేదు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గేమ్ మీద ఉన్నాయి. అందుకే వాట్సాప్ బ్యాకప్ ప్రశ్నలన్నీ వచ్చే వారానికి జరిపేశాను, ఏమనుకోకండి. ఆ గేమ్ పేరు సిటీ ఆఫ్ హీరోస్, ఆన్‌లైన్‌లో అందరూ కలిసి ఆడే సూపర్‌హీరో గేమ్. క్రిప్టిక్ స్టూడియోస్ తయారు చేస్తే ఎన్‌సీసాఫ్ట్ 2004 ఏప్రిల్‌లో విడుదల చేసింది. 2012 నవంబర్ 30న మూతపడింది. 2019లో అభిమానుల సర్వర్ల మీద మళ్లీ లేచి కూర్చుంది. ఇప్పుడు ఎక్కువ మంది ఆడేది హోమ్‌కమింగ్ అనే వలంటీర్ బృందం సర్వర్లలో. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్ట్ వాళ్లకి లైసెన్స్ కూడా ఇచ్చింది. ఆడటానికి పైసా కట్టక్కర్లేదు.

నాది ఫైర్ బ్లాస్టర్ (మంటలతో దూరం నుంచి కొట్టే హీరో), లెవెల్ 26. నాలుగు దెబ్బలు వేసేసరికి ఎండ్యూరెన్స్ (దెబ్బ వెయ్యడానికి కావలసిన శక్తి) నీలం గీత ఖాళీ అయిపోతోంది. సగం దెబ్బలు తగలడం లేదు కూడా. ఒక్కో ఎటాక్‌లో ఐదేసి డ్యామేజ్ ఎన్‌హాన్స్‌మెంట్లు (దెబ్బ బలం పెంచే ముక్కలు) పెట్టాను. ఇంకేం చెయ్యాలి సార్?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

ఇంకేం చెయ్యక్కర్లేదు, చేసినది కొంచెం వెనక్కి తీసుకోవాలి. మీ సమస్యంతా ఆ ఐదులోనే ఉంది.

ఈ గేమ్‌లో పవర్లకి కరువు లేదు. లెవెల్ 50కి వెళ్లేసరికి రెండు డజన్లు ఎంచుకోవచ్చు. గీసి గీసి ఇచ్చేది స్లాట్లనే, అంటే ఎన్‌హాన్స్‌మెంట్లు పెట్టుకునే గళ్లనే. ప్రతి పవర్‌కీ పుట్టుకతో ఒక స్లాట్ ఉంటుంది. అవి కాక 50 లెవెళ్ల మొత్తానికి మీ చేతికొచ్చేవి 67. ఒక పవర్‌లో ఆరుకి మించి పట్టవు. ఈ 67 ఎక్కడ ఖర్చు పెట్టారన్నదే మీ హీరో. మంటా మంచూ ముసుగూ అంతా పైమెరుగు.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక్కో సింగిల్ ఆరిజిన్ (దుకాణంలో దొరికే మామూలు రకం) డ్యామేజ్ ఎన్‌హాన్స్‌మెంట్ 33.3 శాతం ఇస్తుంది. మూడు పెడితే 99.9 రావాలి కదా? రాదు. మొదటి 70 శాతాన్ని గేమ్ పూర్తిగా ఇస్తుంది. 70 నుంచి 90 దాకా వచ్చే భాగంలో పదో వంతు కోస్తుంది. 90 నుంచి 100 దాకా వచ్చే దానిలో 70 శాతమే ఇస్తుంది. నూరు దాటిన ప్రతిదానికీ 15 శాతమే. అంటే మూడింటికి మీ చేతికొచ్చేది సుమారు 95. నాలుగోది కలిపితే 100. ఐదోది కలిపితే 105. ముగ్గురు కూర్చునే ఆటోలో నాలుగోవాడు డ్రైవర్ పక్కన అంచు మీద వేలాడినట్టు, మీ నాలుగో ఐదో ఎన్‌హాన్స్‌మెంట్లు చెరో 5 శాతం కోసం వేలాడుతున్నాయి.

ఆ రెంటినీ తీసేసి ఒకటి యాక్యురసీ (గురి), ఒకటి ఎండ్యూరెన్స్ ఖర్చు తగ్గించేది పెట్టండి. మీ లెవెల్ శత్రువు మీద మామూలుగా దెబ్బ తగిలే అవకాశం 75 శాతం. ఒక్క యాక్యురసీతో అది గేమ్ ఒప్పుకునే గరిష్ఠానికి, అంటే 95కి చేరుతుంది. సగం తగలడం లేదంటున్నారంటే మీరు మీకంటే రెండు మూడు లెవెళ్లు పైవాళ్లతో పెట్టుకుంటున్నారు. అలవాటు మారదనుకుంటే యాక్యురసీ రెండు పెట్టండి. ఎండ్యూరెన్స్‌ది ఒకటి పెట్టగానే 10 ఖర్చయ్యే దెబ్బకి 7.5 అవుతుంది. మూడు దెబ్బల ఖర్చులో నాలుగు వెయ్యచ్చు.

ఇంకో చిన్న సంగతి. స్ప్రింట్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. పరిగెత్తడానికి వేసి, కొట్లాటలో కూడా ఆపకుండా వదిలేస్తారు చాలామంది. అది ఎండ్యూరెన్స్‌ని నిమిషం నిమిషం తాగేస్తూనే ఉంటుంది. ఎండ్యూరెన్స్‌ని త్వరగా నింపే స్టామినా పవర్ 2010 నుంచి అందరికీ ఊరికే వస్తోంది. దానికి ఇంకో రెండు స్లాట్లు ఇవ్వండి. బ్లాస్టర్‌కి అంతకంటే మంచి ఖర్చు నాకు తెలియదు.

పెట్టినవి మార్చాలంటే క్యారెక్టర్‌ని చెరిపెయ్యక్కర్లేదు. రెస్పెక్ చేస్తే మీ లెవెల్ అలాగే ఉంటుంది, పవర్లూ స్లాట్లూ మొదటి నుంచి మళ్లీ ఎంచుకోవచ్చు. దానికి ముందు మిడ్స్ రీబోర్న్ అనే ఉచిత విండోస్ ప్రోగ్రామ్‌లో మొత్తం వేసి చూసుకోండి. రెస్పెక్ కిటికీ ముందు కూర్చుని అప్పటికప్పుడు ఆలోచిస్తే మళ్లీ ఐదు డ్యామేజ్‌లే పెడతారు. పైగా సింగిల్ ఆరిజిన్‌వి మీరు లెవెల్ పెరిగే కొద్దీ పాతబడి పనిచెయ్యడం మానేస్తాయి. రెసిపీతో తయారయ్యే లెవెల్ 25 ఇన్వెన్షన్ ఎన్‌హాన్స్‌మెంట్ 32 శాతం ఇస్తుంది, దాదాపు అంతే, కానీ ఎప్పటికీ పాతబడదు. మీది 26 కాబట్టి ఇక నుంచి అవే కొనుక్కోండి.

ఈ కోత నియమం 2005లో వచ్చింది. అంతకు ముందు అందరూ ‘ఒకటి గురి, ఐదు డ్యామేజ్’ అనే ఒక్క సూత్రం మీదే బతికేవారు. నియమం వచ్చినప్పుడు ఆటగాళ్లు నానా గొడవ చేశారు. నాకైతే అది మంచిపనే అనిపిస్తుంది. లేకపోతే 67 స్లాట్లకీ ఆలోచనే అక్కర్లేదు.

ఒక రెసిపీ దొరికితే ఆక్షన్ హౌస్‌లో (గేమ్‌లోని సంతలో) 10 లక్షలకి పెట్టాను. పెట్టగానే 50 వేలు కోసుకున్నారు. మూడు రోజులైనా అమ్ముడుపోలేదు. ‘చివరి ఐదు అమ్మకాలు’లో చూస్తే 15 లక్షలు, 20 లక్షలు కనిపిస్తున్నాయి. ఇదేమైనా మోసమా అండీ?
– ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

మోసం కాదండీ. మీరు దీన్ని గుడి దగ్గర కొబ్బరికాయల వేలంపాట అనుకున్నారు. ఇది సీల్డ్ కవర్ టెండర్.

ముందు డబ్బు సంగతి. ఇక్కడి కరెన్సీ పేరు ఇన్‌ఫ్లుయెన్స్, అంటే పలుకుబడి. ఊరిని కాపాడినందుకు హీరోకి జీతం ఇవ్వరు, పలుకుబడి ఇస్తారు. దానితో సామాను కొనుక్కోవాలి. (మన ఊళ్లలో ఇది కొత్త పద్ధతేం కాదు.) విలన్లకైతే దాన్నే ఇన్‌ఫేమీ అంటారు. ఒక క్యారెక్టర్ దగ్గర సుమారు 200 కోట్లకి మించి ఉండదు.

ఆక్షన్ హౌస్‌లో మీరు అడిగిన ధర కొనేవాడికి కనిపించదు. కొనేవాడు రాసిన ధర మీకు కనిపించదు. గేమ్ ఏం చేస్తుందంటే, ఎక్కువ రాసిన కొనుగోలుదారుని తీసుకుని, తక్కువ అడిగిన అమ్మకందారుతో కలుపుతుంది. బేరం తెగేది కొనేవాడు రాసిన ధరకి. మీ పక్కవాడు అదే రెసిపీని 1 లక్షకి పెట్టాడనుకోండి. ఎవరో 15 లక్షలు రాశారు. పక్కవాడిది పోతుంది, అదీ 15 లక్షలకి! మీ 10 లక్షలది అలాగే కూర్చుని ఉంటుంది. మీరు చూసిన ఆ 15, 20 లక్షల అమ్మకాల్లో కొన్ని ఇలాంటివే అయ్యుంటాయి.

ఆ 50 వేలు సరుకు అమ్మకానికి పెట్టినందుకు రుసుం, మీరు అడిగిన దాంట్లో 5 శాతం. సరుకు వెనక్కి తీసుకున్నా అది తిరిగి రాదు. అమ్ముడైనప్పుడు మొత్తం కలిపి 10 శాతం పోతుంది. 1 లక్షకి పెట్టినవాడు ముందుగా కట్టింది 5 వేలే. 15 లక్షలకి పోయాక మిగతా 1,45,000 కోస్తారు, 13,50,000 మిగులుతుంది. తక్కువ అడిగినవాడికే ముందు ఖర్చు తక్కువ, క్యూలో ముందు చోటు కూడా. అలాగని 1 రూపాయికి పెట్టకండి. ఆ సమయానికి పెద్ద ధర రాసినవాడు ఎవరూ లేకపోతే 1 రూపాయికే పోతుంది. ఎంతకి పోయినా ఏడవను అనుకున్న ధరకి పెట్టండి.

కొనేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది, ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. నేను ఒకసారి 5 లక్షలు రాయబోయి ఒక సున్నా ఎక్కువ కొట్టాను. వస్తువు వెంటనే వచ్చేసింది. అబ్బ, ఎంత త్వరగా దొరికిందో అని సంబరపడ్డాను కూడా. తర్వాత జేబు చూసుకుంటే 50 లక్షలు పోయాయి. అమ్మినవాడు ఎవరో ఆ రోజు చుట్టాలందరికీ చెప్పుకుని ఉంటాడు. అప్పటి నుంచి కామాలు లెక్కపెట్టి గానీ ఎంటర్ కొట్టను. తొందర లేనివాళ్లకి ఇంకో సలహా: తక్కువ ధర రాసి పడుకోండి. రాత్రికి రాత్రి ఎవరో చేతికొచ్చిన ధరకి వదిలించుకుంటారు.

సంపాదన కావాలంటే కన్వర్టర్లు నేర్చుకోండి. కథగా సాగే మిషన్ల వరసలు పూర్తి చేస్తే మెరిట్లు (బహుమతి పాయింట్లు) వస్తాయి. ఒక మెరిట్‌కి మూడు కన్వర్టర్లు. ఎవరికీ పట్టని ఇన్వెన్షన్ ఎన్‌హాన్స్‌మెంట్ ముక్క ఒకటి చవగ్గా కొని, దాని మీద కన్వర్టర్లు వాడితే అది అదే కోవలో ఇంకో ముక్కగా మారుతుంది. అదృష్టం బాగుంటే లక్ ఆఫ్ ద గ్యాంబ్లర్ సెట్‌లో రీచార్జ్ ముక్క తేలుతుంది. అన్ని పవర్లూ 7.5 శాతం వేగంగా తిరిగొచ్చేలా చేసే ముక్క అది. ఒక క్యారెక్టర్‌కి ఐదు దాకా లెక్కలోకి వస్తాయి కాబట్టి దానికి గిరాకీ తగ్గదు. గంటల తరబడి ఒకే మిషన్‌లో ఒకే గుంపుని కొట్టే ఫార్మింగ్ కంటే ఇది నాకు నయం. చెయ్యి నొప్పి ఉండదు.

ప్రతి శత్రువుని కొడితే కొత్త డబ్బు పుడుతోంది. మరి ధరలు ఆకాశానికి ఎందుకు పోవడం లేదు?
– కామర్స్ లెక్చరర్, కాకినాడ

పాత రోజుల్లో పోయాయి మాస్టారూ. మూతపడే ముందు అరుదైన పర్పుల్ రెసిపీలు కోట్లలో నడిచేవి. 200 కోట్ల పరిమితి దాటిన వస్తువుల బేరాలు ఆక్షన్ హౌస్ బయట చేతులు మారేవి.

హోమ్‌కమింగ్ వాళ్లు ఉల్లి మందు వేశారు. ఉల్లి ధర మండినప్పుడు ప్రభుత్వం రైతుబజార్లో సబ్సిడీ ఉల్లి దించుతుంది చూడండి, అలాగన్నమాట. తయారీకి కావలసిన ముడిసరుకుని వాళ్లే ఆక్షన్ హౌస్‌లో దించి ఉంచుతారు. మామూలుది 10 వేలకి, మధ్యరకం 1 లక్షకి, అరుదైనది 10 లక్షలకి. అంతకు మించి ఎవడూ అమ్మలేడు, వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉంటుంది కనుక. కన్వర్టర్లు వచ్చాక ఎవరికీ అక్కర్లేని ముక్కలు కూడా అవసరమైన ముక్కలుగా మారిపోతున్నాయి, కొరత అక్కడ తగ్గింది. 10 శాతం రుసుం, తయారీ ఖర్చు ఎప్పటికప్పుడు డబ్బుని గేమ్ లోంచి తుడిచేస్తుంటాయి. మీ క్లాసులో పాఠానికి పనికొస్తుందేమో చూడండి.

మా అబ్బాయికి 14 ఏళ్లు. ఏదో సైట్‌లో ఈ గేమ్ డబ్బు డాలర్లకి అమ్ముతున్నారని నా కార్డు అడుగుతున్నాడు. గేమ్‌లో ‘పే టు విన్’ అనే దుకాణం ఉందట, అందుకే తప్పదంటున్నాడు.
– ఒక తల్లి, డల్లాస్

ఇవ్వకండమ్మా. ఆ దుకాణం పేరే ఒక జోకు. అక్కడ చెల్లేది గేమ్‌లో సంపాదించిన ఇన్‌ఫ్లుయెన్స్ మాత్రమే, డాలర్ చెల్లదు. తర్వాత పేరు కూడా మార్చేశారు. హోమ్‌కమింగ్ సర్వర్ల ఖర్చు విరాళాల మీద నడుస్తుంది. ఆ నెలకి కావలసినంత రాగానే విరాళాలు తీసుకోవడం ఆపేస్తారు. ఇచ్చినవాళ్లకి గేమ్‌లో ఏ లాభం ఉండదు. బయటి సైట్‌లో కొంటే బాబు అకౌంట్ పోవచ్చు, మీ కార్డు నంబర్ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. బాబుకి పైన రాసిన కన్వర్టర్ల సంగతి చదివి వినిపించండి. తెలుగు చదవడం రాకపోతే అదొక వంక.

లెవెల్ 50 స్క్రాపర్ (దగ్గరికెళ్లి కొట్టే హీరో). డిఫెన్స్ 38 శాతం ఉంది. అందరూ 45 ఉండాలంటున్నారు. 7 శాతం కోసం కోట్లు పొయ్యాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

మీ లెవెల్ శత్రువు దెబ్బ మామూలుగా నూటికి 50 తగులుతుంది. అందులోంచి మీ డిఫెన్స్ తీసెయ్యాలి. 38 ఉంటే 12 దెబ్బలు తగులుతాయి. 45 ఉంటే 5. అంతకంటే కిందకి గేమ్ దిగనివ్వదు. 7 శాతమే అనిపిస్తుంది గానీ తగిలే దెబ్బలు సగానికంటే ఎక్కువ తగ్గిపోతాయి. కాబట్టి వాళ్లు చెప్పేది నిజమే.

కోట్లు మాత్రం అక్కర్లేదు. స్టెడ్‌ఫాస్ట్ ప్రొటెక్షన్, గ్లాడియేటర్స్ ఆర్మర్ సెట్లలో చెరొక ముక్క ఉంది, ఒక్కోటి అన్ని వైపులా 3 శాతం డిఫెన్స్ ఇస్తుంది. రెండూ రెసిస్టెన్స్ పవర్లలో పట్టేవే. 44కి వచ్చేశారు. ఆ మిగిలిన 1 కోసం బిల్డ్ (పవర్లు, స్లాట్ల అమరిక) అంతా తిరగరాయకండి. చిన్న ఊదారంగు ఇన్‌స్పిరేషన్ ఒకటి మింగితే నిమిషం పాటు 12.5 శాతం వస్తుంది. పెద్ద బాస్ ముందు నిలబడే ముందు ఒకటి మింగండి, మిగతా అప్పుడు 44తోనే బతకండి. నా స్క్రాపర్ ఇప్పటికీ 44 దాటలేదు. చచ్చినప్పుడల్లా డిఫెన్స్‌ని తిట్టుకుంటాను గానీ, నిజానికి ఎక్కువసార్లు చచ్చేది ఒంటరిగా గుంపులోకి దూకడం వల్లే.

పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా? ఏ సర్వర్ ఎంచుకోవాలి?
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

2004 గేమ్ కదా, నడుస్తుంది. 2010లో వచ్చిన అల్ట్రా మోడ్‌లోని నీడలు, నీళ్లలో ప్రతిబింబాలు ఆపెయ్యండి. రీయూనియన్ సర్వర్ యూరప్‌లో ఉంది. ఎక్సెల్సియర్, ఎవర్‌లాస్టింగ్ ఉత్తర అమెరికాలో ఉన్నాయి. యూరప్‌లో ఒకటి, అమెరికాలో ఒకటి క్యారెక్టర్ చేసి, పింగ్ (సర్వర్ జవాబుకి పట్టే ఆలస్యం) చూసుకుని తేల్చుకోండి.

గోళ్లు బయటికొచ్చే కామిక్స్ హీరోని అచ్చు అలాగే, అదే పేరుతో చేశాను. లాగిన్ అయితే నా పేరు ‘జెనెరిక్’ అని, పక్కన ఏదో నంబర్ వచ్చింది. ఎందుకు?
– ఇంటర్ విద్యార్థి, తిరుపతి

ఎవరో చూసి రిపోర్ట్ కొట్టారు. 2004 నవంబర్‌లో సరిగ్గా ఇలాంటి వేషాల మీదే మార్వెల్ ఈ గేమ్ కంపెనీల మీద కేసు వేసింది. సాక్ష్యంగా చూపించిన కొన్ని క్యారెక్టర్లు మార్వెల్ తరఫు వాళ్లే గేమ్‌లో కూర్చుని తయారు చేసుకున్నవని తేలింది. జడ్జి వాటిని పక్కన పెట్టేశారు. 2005 డిసెంబర్‌లో రాజీ కుదిరింది. అయినా కాపీ పేర్లని గేమ్ నిర్వాహకులు మాత్రం వదలరు. గోళ్లు ఉంచుకోండి, అవి ఎవరి సొత్తూ కాదు. పసుపు నీలం బట్టలు, ఆ జుట్టు, ఆ పేరు మార్చండి. పులిగోరు అని పెట్టుకుంటే ఎవరూ అడగరు.