గీకే ముందు తలుపు ఎత్తి చూడండి

ప్రశ్న: మా తాతగారి 1934 నాటి కారు షెడ్డులో ఉంది. ఇంజను తిరుగుతోంది. రంగు వెలిసి, బీటలిచ్చింది. సీట్ల తోలు అక్కడక్కడా చిరిగింది. ఎప్పటికైనా అమెరికాలో పాత కార్లకు జరిగే పెబుల్ బీచ్ పోటీలో నిలబెట్టాలని నా ఆశ. మొత్తం విప్పి కొత్త రంగు కొట్టిద్దామని మెకానిక్ అంటున్నాడు. కొట్టించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ, ఇప్పుడే వద్దు. బాగున్న పాత రంగును గీకించేసిన కార్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఫ్యాక్టరీలో వేసిన పూత ఒక్కసారి పోయిందంటే ఇక ఎవరూ తెచ్చివ్వలేరు. పెబుల్ బీచ్‌లో 2024లో అత్యుత్తమ కారుగా నిలిచింది 1934 నాటి బుగాటీ టైప్ 59. ఒకప్పుడు బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరున్న కారు అది. పాతదనాన్ని చెదరనివ్వకుండా కాపాడిన కార్ల విభాగం నుంచి వచ్చి ఆ బహుమతి గెలవడం అదే మొదటిసారి.

అయితే రంగు కన్నా ముందు చూడాల్సింది లోపలి చెక్క. ఆ కాలంలో చాలా కార్లకు రేకు కింద చెక్క చట్రమే ఉండేది. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని మెల్లగా పైకెత్తండి. బందులు మాత్రమే ఆడితే వాటి పిన్నులు అరిగాయని అర్థం. తలుపుతోపాటు బందులు బిగించిన స్తంభం కూడా కదిలితే చెక్క పుచ్చిపోయి ఉండొచ్చు. అప్పుడు రేకు విప్పక తప్పదు, మీ మెకానిక్ మాటే నిజమవుతుంది.

విప్పాల్సి వస్తే ప్రతి భాగాన్నీ ముందు ఫొటో తీయండి. అసలు రంగు ఏమిటో డ్యాష్‌బోర్డు వెనక, సీటు కింద ఎండ తగలని చోట వెతకండి. పాత స్క్రూలు పారేయొద్దు. కార్ల తయారీలోకి స్టార్ స్క్రూలు 1936లో గానీ రాలేదు; మీ కారుకు అవి బిగిస్తే జడ్జీలు ఇట్టే పట్టేస్తారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు లేని తళతళలు కూడా వాళ్లకు నచ్చవు.

చెక్క గట్టిగా ఉంటే డబ్బు బ్రేకులు, రేడియేటర్, టైర్ల మీద పెట్టండి. పోటీ ఆదివారమైతే, గురువారమే చాలా కార్లు రోడ్డెక్కుతాయి. విభాగంలో మార్కులు సమానమైతే ఆ ప్రయాణం పూర్తి చేసిన కారుదే పైచేయి. రంగును మెత్తటి గుడ్డతో తుడవండి చాలు, రంగు పైపొరను అరగదీసే రబ్బింగ్ కాంపౌండ్ జోలికి పోవద్దు.

తాతగారు కొన్నప్పటి రసీదు, పాత ఫొటోలు ఇంట్లో ఉంటే ఇప్పుడే వెతికి పెట్టండి. దరఖాస్తు చేసినవాళ్లలో కొందరినే ఎంపిక చేస్తారు కాబట్టి కారు చరిత్రకు ఆధారాలుండడం ముఖ్యం.