టెక్సాస్‌లో మా ఇంటి పన్ను హైస్కూల్ స్టేడియానికి వెళ్తోంది. ఆ డబ్బుతో టీచర్ల జీతాలు పెంచొచ్చు కదా?

కుదరదండీ. అక్కడ స్కూల్ పన్ను రెండు పద్దులుగా ఉంటుంది. ఒకటి జీతాలు, కరెంటు, బస్సుల వంటి రోజువారీ ఖర్చుకి. రెండోది బాండ్ల (అప్పు పత్రాల) మీద తెచ్చిన అప్పు, వడ్డీ తీర్చడానికి. ఓటర్లు ఒప్పుకుంటేనే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు స్కూళ్లను నడిపే స్థానిక సంస్థ) బాండ్లు అమ్మి భవనాలు, మైదానాలు కడుతుంది. ఆ సొమ్మును జీతాలకు మళ్లించకూడదు.

డాలస్ దగ్గర అలెన్‌లో 2009లో 11.9 కోట్ల డాలర్ల బాండ్‌కు జనం ఓటేశారు. అందులో సుమారు 6 కోట్లతో కట్టిన 18,000 సీట్ల ఫుట్‌బాల్ స్టేడియం 2012లో తెరిచారు. రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి మూతపడింది. మరమ్మతులయ్యాక 2015లో గానీ మళ్లీ ఆటలు మొదలవలేదు. అందుకే ఓటుకు ముందే గట్టిగా అడగండి: నాణ్యత తనిఖీ ఎవరిది? ఏటా నిర్వహణకి ఎంతవుతుంది? ఆ నిర్వహణ ఖర్చు మాత్రం జీతాలిచ్చే పద్దులోంచే పోతుంది మరి.

2019 చట్టం ప్రకారం వెయ్యి సీట్లు దాటిన స్టేడియాన్ని బ్యాలెట్‌లో విడిగా పెట్టాలి. కాబట్టి క్లాస్‌రూములకు సరే, స్టేడియానికి వద్దు అనొచ్చు. హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లు పన్ను కడతారు, ఓటు మాత్రం ఉండదు. అయినా స్కూల్ బోర్డు మీటింగ్‌లో పేరిచ్చి మాట్లాడొచ్చు, తప్పకుండా మాట్లాడండి.