భారత్–భూటాన్ స్నేహం నిజమైనదేనా? తాలా సొరంగంలో పనిచేసిన ఒక ఇంజినీరు జవాబు

"పెద్ద దేశానికీ, పక్కనున్న చిన్న దేశానికీ మధ్య నిజమైన స్నేహం ఉంటుందా? భూటాన్ మన చెప్పుచేతల్లో ఉన్న దేశమే కదా?" అని అడిగారు. నేను సివిల్ ఇంజినీరుని. భూటాన్‌లోని తాలా జలవిద్యుత్ ప్రాజెక్టు కడుతున్నప్పుడు అక్కడ సొరంగం పనిలో ఉన్నాను. నా దృష్టిలో అది నిజమైన స్నేహమే. ఇద్దరికీ లాభం ఉన్న ఏర్పాట్లు చేసుకున్నారు, అవి ఒకవైపుకు మొగ్గినప్పుడు మళ్ళీ కూర్చుని మాట్లాడుకున్నారు. నిలబడింది అందుకే.

ముందు కరెంటు సంగతి చెబుతాను, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. భూటాన్‌లో నదులు నిటారుగా దిగుతాయి. తాలాలో దాదాపు 23 కిలోమీటర్ల సొరంగం తవ్వి, వాంగ్‌ఛూ నది నీళ్ళను 800 మీటర్లకు పైగా ఎత్తు నుంచి కొండ లోపలున్న పవర్‌హౌస్‌లోకి దించుతాం. 170 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 1020 మెగావాట్లు. 2006–07లో ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. ఖర్చులో 60 శాతం భారత్ గ్రాంటుగా ఇచ్చింది, 40 శాతం అప్పు. మిగులు కరెంటు కొనేదీ మనమే. అంతకుముందు అదే నది మీద కట్టిన 336 మెగావాట్ల చుఖాకూ ఇదే పద్ధతి, దాని ఒప్పందం 1974 నాటిది. కరెంటు అమ్మిన డబ్బు భూటాన్ ఖజానాకు పెద్ద ఆధారం. అక్కడ ప్రభుత్వ బడిలో చదువూ, ప్రభుత్వాసుపత్రిలో వైద్యమూ ఉచితం.

ఒక మాట చాలామందికి తెలియదు. ఇవి పెద్ద జలాశయాలున్న ప్రాజెక్టులు కావు, పారే నీటితో నడిచేవి. చలికాలంలో నది సన్నబడిపోతుంది, అప్పుడు భూటానే మన దగ్గర కరెంటు కొనుక్కుంటుంది. వానాకాలంలో ఇటు, చలికాలంలో అటు.

సొరంగంలో కొన్నిచోట్ల రాయి ముద్దలా మెత్తగా ఉండేది. పైనుంచి నీళ్ళు కారుతుంటే, రెండడుగులు తవ్వి ఆపి, ఇనుప రిబ్బులు నిలబెట్టి, షాట్‌క్రీట్ (గాలి ఒత్తిడితో చల్లే కాంక్రీటు) కొట్టి, అది గట్టిపడ్డాకే ముందుకు కదిలేవాళ్ళం. అలాంటి చోట పని మొదలుపెట్టే ముందు లామా వచ్చి వెన్నదీపాలు వెలిగించేవారు. ఆ పక్కనే మన జార్ఖండ్, ఒడిశా కూలీలు కొబ్బరికాయ కొట్టేవారు. నా షిఫ్టులో ఒక భూటానీ కుర్రాడు ఉండేవాడు, అప్పుడే చదువు ముగించుకుని వచ్చినవాడు. రాతిలోకి దించే ప్రతి బోల్టుకీ "ఇక్కడే ఎందుకు సార్, ఆ కోణంలోనే ఎందుకు?" అని అడిగేవాడు. రాతి పొర ఎటు వాలిందో టార్చిలైటు వేసి చూపించేదాకా వదిలేవాడు కాదు. ఆ పట్టుదల నాకు చాలా ఇష్టం. ఇవాళ ఆ ప్లాంటును నడిపేది డ్రుక్ గ్రీన్ అనే వాళ్ళ సంస్థే. గెడులో మా ప్రాజెక్టు కాలనీని 2008లో బిజినెస్ కాలేజీ చేశారు. ఎప్పుడు చూసినా పొగమంచు కమ్ముకుని ఉండే ఆ ఊళ్ళో మేం ఉన్న చోట ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు.

సెలవు రోజున సామాన్లకు సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ దిగి, గేటు దాటి మన జైగావ్ వెళ్ళేవాళ్ళం. గేటుకి ఇటు తొమ్మిదైతే అటు తొమ్మిదిన్నర. భూటాన్ దుకాణంలో వంద రూపాయల నోటు ఇస్తే చిల్లర భూటాన్ కరెన్సీ ఙుల్ట్రమ్‌లో వచ్చేది, రెండిటి విలువా ఒకటే. భూటాన్ వాళ్ళు కూరగాయలకు ఇటు వస్తే, మనవాళ్ళు ఉద్యోగాలకు అటు వెళ్ళేవారు.

ఇక చెప్పుచేతల సంగతి. 1949 ఒప్పందంలో, విదేశీ వ్యవహారాల్లో భూటాన్ భారత్ సలహా ప్రకారం నడుచుకోవాలని ఉండేది నిజమే. 2007లో ఆ మాట తీసేసి కొత్త ఒప్పందం రాసుకున్నారు. ఒకరి జాతీయ ప్రయోజనాల విషయంలో ఇంకొకరు దగ్గరగా సహకరించుకోవాలన్నది ఇప్పటి మాట. 1958లో నెహ్రూ పారో వెళ్ళినప్పుడు రోడ్డే లేదు, నాథులా కనుమ మీదుగా టిబెట్‌లోని చుంబీ లోయ గుండా గుర్రాల మీద వెళ్ళారు. 1961 నుంచి మన బోర్డర్ రోడ్స్ వాళ్ళ దంతక్ ప్రాజెక్టు ఆ కొండల్లో రోడ్లు వేస్తూ వచ్చింది. 1971లో భూటాన్ ఐక్యరాజ్యసమితిలో చేరడానికి భారత్ అండగా నిలిచింది. అటువైపు నుంచీ తక్కువేం చేయలేదు. 2003 డిసెంబరులో భూటాన్ తన అడవుల్లో మకాం వేసి భారత్‌పై పోరాడుతున్న ఉల్ఫా, బోడో, కామతాపురి తీవ్రవాదుల శిబిరాల మీద సైన్యాన్ని పంపింది. మేం అప్పుడు అక్కడే ఉన్నాం. రాజు స్వయంగా ముందుండి నడిపించారు. అంత చిన్న సైన్యంతో ఆ పని తలకెత్తుకోవడం మామూలు విషయం కాదు.

మనం నొప్పించిన సందర్భమూ ఉంది, దాచడం నాకిష్టం లేదు. 2013 జూలైలో, సరిగ్గా భూటాన్ ఎన్నికల ముందు, వంటగ్యాస్, కిరోసిన్ మీద భారత్ ఇచ్చే రాయితీ ఆగిపోయింది. భూటాన్ పంచవర్ష ప్రణాళిక కాలం ముగియడం వల్ల అని ఢిల్లీ చెప్పింది. అంతకు ముందు ఏడాది వాళ్ళ ప్రధాని చైనా ప్రధానిని కలిసినందుకే అని రాజధాని థింపూలో చాలామంది అనుకున్నారు. కొన్ని వారాల్లో రాయితీ తిరిగి వచ్చింది. కానీ అక్కడి మిత్రులు ఫోన్లో మాట్లాడినప్పుడు వాళ్ళ గొంతులో వినిపించింది సిలిండర్ ధర గురించిన బాధ కాదు, తమ ఎన్నికల వేళ ఇలా చేశారే అన్న బాధ. కారణం ఏదైనా ఆ సమయంలో అలా జరగకూడదు. అంతకుముందు 2012లో రూపాయల కొరతతో వాళ్ళు నానా తంటాలు పడ్డారు. దిగుమతుల్లో ఎక్కువ భాగం మన దగ్గర నుంచే కావడంతో వచ్చిన ఇబ్బంది అది.

అప్పుల లెక్క కూడా మారింది. చుఖా, తాలాలకు 60 శాతం గ్రాంటైతే, 1200 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛూ–1 నాటికి అది 40కి, మాంగ్దేఛూ ప్రాజెక్టుకు 30కి తగ్గింది. పునాత్సాంగ్‌ఛూ–1లో డ్యామ్ దగ్గర కొండ జారింది, 2013లో పెద్ద సమస్య అయింది. పని ఏళ్ళ తరబడి ఆగింది, వడ్డీ మాత్రం ఆగదు. కొండ ఎందుకు జారిందన్నది ఇంజినీర్ల ప్రశ్న. ఆ ఆలస్యం ఖర్చు ఎవరు ఎంత భరించాలన్నదే రెండు దేశాల మధ్య అసలు ప్రశ్న. 2025 నవంబరులో పునాత్సాంగ్‌ఛూ–2ను ప్రారంభించినప్పుడు, మొదటిదాని డ్యామ్ పని మళ్ళీ మొదలుపెట్టడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ మొదటి ప్రాజెక్టు నుంచి వచ్చే కరెంటుకు యూనిట్ ధర ఎంత నిర్ణయిస్తారో గమనించండి, మీ ప్రశ్నకు ఈ కాలపు జవాబు అందులో దొరుకుతుంది.